రాగిరేకుల మీద పాటలు

కడప నుంచి తిరుపతికి పోయే దారిలో రాజంపేట ఉంది. దాని దగ్గరే తాళ్ళపాక అనే ఊరు. అన్నమయ్య ఆ ఊరిలో 1408లో పుట్టాడు. 1503లో చనిపోయాడు. పదహారేళ్ళ వయసు నుంచి వేంకటేశ్వరస్వామి మీద పాటలు కట్టాడు. మొత్తం 32,000 పాటలని చెప్పుకుంటారు. వడ్లు దంచేటప్పుడు పాడే సువ్వి పాటలు, బిడ్డను ఊపే జోలపాటలు ఉన్నాయి కదా? ఆడవాళ్ళ నోట ఆడే ఆ పాటల తీరులో కూడా ఆయన పాటలు కట్టాడు. ఆయన భార్య తిమ్మక్కకు కూడా రాయడం వచ్చు. ఆమె రాసిన సుభద్రా కల్యాణం ఇప్పటికీ ఉంది.

తాటాకును చెదలు తింటాయి. రాగి అలా పోదు. అన్నమయ్య కొడుకు పెద తిరుమలయ్య ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించాడు. తిరుమల గుడిలో ఒక చిన్న రాతి గదిలో వాటిని దాచారు. జొన్నలు పాతరలో దాచినట్టే! ఆ గదికి సంకీర్తన భాండారం అని పేరు.

రానురాను జనం ఆ గదిని మరిచిపోయారు. 1922 ప్రాంతంలో రేకులు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. 2,000కు పైగా ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటిని ఓపికగా చదివారు. పాటలు అచ్చయ్యాయి. దొరికినవి 12,000కు పైగా. చెప్పుకునే లెక్కలో సగం కూడా లేవు.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. రేకు మీద పాట మాటలున్నాయి. రాగం పేరు ఉంది. ఎలా పాడాలో మాత్రం లేదు. రాగం పేరు తెలిస్తే చాలదా? చాలదు. చీటీ మీద "పులుసు" అని ఒక్క మాట ఉంటే, ఏది ఎంత వేయాలో తెలుస్తుందా?

ఇటలీ దేశంలో ఐదు గీతలు గీసి, వాటి మీద గుర్తులు పెట్టి, పాట వరుసను కూడా కాగితం మీద రాశారు. అలాంటి పాత కాగితాలు దాచిన గ్రంథాలయం ఆ దేశంలోని నేపుల్స్ నగరంలో ఉంది. ఆ గుర్తులు చదవగలిగినవాళ్ళు 300 ఏళ్ళ నాటి పాటను ఇవాళ కూడా పాడతారు. అన్నమయ్య పాటకు ఆ వీలు లేదు. ఆయన వరుస నోటి నుంచి నోటికి రావాలి. నడుమ తెగిపోయింది.

అందుకే కొత్త వరుసలు కట్టారు. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) కొన్ని పాటలకు వరుసలు కట్టి, స్వరాలతో సహా అచ్చు వేయించాడు. తరువాత నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ ఇంకా ఎన్నో కట్టారు. గుడి మైకులో మనం వినేవి ఎక్కువగా ఈ కొత్త వరుసలే. మాట 500 ఏళ్ళది, వరుస మొన్నటిది.

చేయండి: మీ ఊరిలో రోకటి పాటలు వచ్చిన అవ్వను అడిగి ఒక పాట నోటుపుస్తకంలో రాయండి. వరుస కూడా నేర్చుకుని, కేంద్రంలో అందరికీ పాడి వినిపించండి.