పెళ్లి గుర్రానికి పూటకెంత దాణా?

మాఘమాసం వచ్చిందంటే హైదరాబాద్‌లో బరాత్ గుర్రాలకు తీరిక ఉండదు. ముద్దు చేసేవాళ్లకూ కొదవ లేదు. ఒకరు బెల్లంముక్క, ఒకరు లడ్డూ, ఒకరు మిగిలిన అన్నం. ఇంటికి చేరాక యజమాని “పాపం, అలిసిపోయింది” అని మరో రెండు డబ్బాల దాణా గుమ్మరిస్తాడు.

గుర్రం గడ్డి తిని బతికే జీవి. దాని పొట్ట చిన్నది, పిండిపదార్థాన్ని అరిగించే రసాలూ తక్కువే. చిన్నపేగులో అరగని పిండి పెద్దపేగులోకి జారి, రుబ్బిన పిండిలా పులుస్తుంది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఆ పులుపుకు చస్తాయి, విషాలు రక్తంలోకి చేరతాయి. దెబ్బ పడేది మాత్రం గిట్టల మీద. గిట్టను లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి పట్టు వదులుతాయి. ముదిరితే ఎముకే కిందికి దిగుతుంది. దీన్నే లామినైటిస్ అంటారు. మెడ మీద కొవ్వు పేరుకున్న గుర్రాలకు ఇన్సులిన్ పెరిగి కూడా ఇది రావచ్చు.

చేయవలసినవి

ముందు గడ్డి, తరువాతే దాణా. 350 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 6 కిలోల ఎండుగడ్డి పడాలి.

దాణాను తూచి పెట్టండి. డబ్బాడు తవుడూ డబ్బాడు మొక్కజొన్నలూ ఒకే బరువు తూగవు. ఒంటిబరువులో ప్రతి కిలోకూ పూటకు 1 గ్రాము పిండిపదార్థం మించకపోతే మేలు. మొక్కజొన్నలో దాదాపు 70 శాతం పిండే కాబట్టి, పై గుర్రానికి పూటకు అరకిలోతో సరి. ఇంకా కావాలంటే పూటలు పెంచండి, కొలత పెంచకండి. దాణా మార్చాలంటే 10 రోజులు పట్టనివ్వండి.

దాణా గదికి తాళం వేయండి. రాత్రి పలుపు తెంపుకున్న గుర్రం నేరుగా వెళ్లేది బస్తా దగ్గరికే.

చేయకూడనివి

ఉలవలు ఉడకబెట్టాం కదా, ఎంతైనా పెట్టొచ్చనుకోకండి. ఉడికితే పిండి ఎక్కడికీ పోదు.

బస్తా తినేసిందని తెలిస్తే కుంటేదాకా ఆగొద్దు. ఆ రోజు మామూలుగానే తిరగొచ్చు, నొప్పి ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. వెంటనే పశువుల డాక్టర్ని పిలవండి. గుర్రం వాంతి చేసుకోలేదు. అలాగని నూనె, కషాయం గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. మనుషుల నొప్పి మాత్రలూ వద్దు.

ముందరి కాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడిందా? గిట్ట వేడిగా ఉందా? గిట్టకు పైన నాడి గట్టిగా కొట్టుకుంటోందా? ఇక నడిపించకండి. మెత్తని ఇసుక మీద నిలబెట్టి, డాక్టరు వచ్చేలోగా కాళ్లను ఐసు నీళ్లలో ఉంచండి. ఆ రాత్రి బరాత్‌కు అడ్వాన్స్ తీసుకున్నా సరే, పెళ్లివారికి వేరే గుర్రాన్ని చూసిపెట్టండి.