చదువు కోసం చేసిన అప్పు ఎవరిది?



పిల్లవాడికి ఇంజనీరింగు సీటు వచ్చిన ఇంట్లో మొదటి రోజు సంతోషం, రెండవ రోజు లెక్కలు. గోపాలపట్నంలోను, చుట్టుపక్కల విచారణల్లోను ఉన్న మన కుటుంబాలు ఎక్కువగా జీతం మీద బ్రతికేవి. రైల్వే, డాక్‌యార్డు, పోర్టు, ఉక్కు కర్మాగారం, వాటిని ఆనుకుని నడిచే చిన్న కాంట్రాక్టు పనులు మన ఆధారం. రాష్ట్రంలో 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు చాలా ఇళ్లకు ఊరట ఇచ్చింది. అయినా మేనేజ్‌మెంటు కోటా సీటుకు అది వర్తించదు. అందుచేత ఎందరో తల్లిదండ్రులు బ్యాంకు మెట్లెక్కి, బిడ్డతోపాటు అప్పు పత్రాల మీద సంతకం పెడుతున్నారు.

సంతకం పెట్టిన రోజున ఇంట్లో అందరిదీ ఒకే మాట. నాలుగైదేళ్ల తరువాత మొదటి కిస్తీ కట్టవలసి వచ్చినప్పుడు మాత్రం తలొక మాట మాట్లాడతారు. ఈ వారం ఆ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. ఇది బ్యాంకు వ్యవహారమే కాదు. ఇంట్లో న్యాయం ఎలా నడుస్తున్నదో చూపించే విషయం కూడా.

ఈ అప్పు ఎలాంటిది?

బ్యాంకులన్నీ ఒకే పద్ధతిలో చదువుకు అప్పు ఇవ్వడానికి 2001లో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఒక నమూనా పథకం తయారుచేసింది. అందులో 4 లక్షల రూపాయల వరకు తాకట్టు అవసరం లేదు. 2015లో కేంద్ర ప్రభుత్వం హామీ నిధి ఏర్పాటు చేశాక 7.5 లక్షల వరకు తాకట్టు, మూడవ మనిషి జామీను లేకుండా ఇచ్చే మార్గం ఏర్పడింది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం, ఎంపికచేసిన ఉన్నత విద్యాసంస్థల్లో చేరినవారికి తాకట్టు, జామీను లేకుండా అప్పు ఇప్పిస్తుంది. చదువు సాగినంతకాలం, ఆ తరువాత ఒక సంవత్సరం వరకు కిస్తీ కట్టనవసరం లేదు. కాని ఆ కాలంలో వడ్డీ లెక్క ఆగదు. చాలామంది ఈ ఒక్క సంగతి మరచిపోతారు.

తాకట్టు లేదంటే బ్యాంకు దేనిని నమ్మి ఇచ్చినట్టు? ఆ పిల్ల లేక పిల్లవాడు రేపు సంపాదిస్తాడన్న నమ్మకం మీద ఇచ్చింది. ఇచ్చిన సొమ్ము కూడా మేనేజరుగారిది కాదు. పదవీ విరమణ చేసిన కార్మికుడు వేసిన డిపాజిట్టు, విధవరాలు దాచుకున్న ఫించను, చిన్న వ్యాపారి పొదుపు, ఇవే అటు తిరిగి మన పిల్లల ఫీజులయ్యాయి.

మొదటి మాట: "నాన్న చూసుకుంటారు"

ఉద్యోగం వచ్చిన కొత్తలో హైదరాబాదులోనో బెంగుళూరులోనో గది అద్దె, మోటారు సైకిలు, ఫోను, స్నేహితుల ఖర్చు ముందు వస్తాయి. కిస్తీ మాత్రం నాన్న ఫించనులోనుంచి పోతుంది. "అడిగితే బాధపడతాడు" అని తండ్రి అడగడు, "అడగలేదు కదా" అని కొడుకు ఇవ్వడు. ఇద్దరిలోనూ ప్రేమ లేదని కాదు. కాని అప్పు తీసుకున్నది బిడ్డ సంపాదన మీద నమ్మకంతో. ఆ సంపాదన వచ్చాక భారం ముసలి భుజాల మీదే ఉంచడం ధర్మం కాదు.

ఇంకొక సంగతి. తల్లి లేక తండ్రి ఇందులో సహ రుణగ్రహీత. కిస్తీ 90 రోజులు దాటి నిలిచిపోతే బ్యాంకు ఆ ఖాతాను మొండి బకాయిగా లెక్కిస్తుంది. ఆ మచ్చ కొడుకు పేరున, తండ్రి పేరున రెండు చోట్లా పడుతుంది. రెండేళ్ల తరువాత చెల్లెలి నర్సింగు చదువుకు అదే తండ్రి అప్పు అడగబోతే ఆ పాత బకాయి ఎదురు నిలుస్తుంది. అన్న కట్టని కిస్తీకి చెల్లెలి చదువు మూల్యం అవుతుంది.

రెండవ మాట: "పెళ్లయ్యాక మాకేం సంబంధం?"

ఇది ఆడపిల్లల విషయంలో వినిపించే మాట. అమ్మాయి అప్పుచేసి చదువుకుంది, ఉద్యోగం వచ్చింది, పెళ్లి కుదిరింది. పెళ్లి తరువాత ఆమె జీతం అత్తవారింటికి, అప్పు పుట్టింటికి పంచుకున్నట్టు కొందరు మాట్లాడతారు. జీతం తెచ్చిన చదువు మంచిదైనప్పుడు, ఆ చదువు తెచ్చిన అప్పు పరాయిది ఎలా అవుతుంది? మరికొందరు తల్లిదండ్రులు సంబంధం చెడుతుందని భయపడి అప్పు సంగతే దాచిపెడతారు. దాచిన అప్పు పెళ్లయిన ఆరు నెలలకు బయటపడితే, డబ్బుకంటే ముందు మాట విలువ పోతుంది. పెళ్లి మాటలప్పుడే ఇరువైపుల పెద్దలు కూర్చుని, ఇంత అప్పు ఉంది, నెలకు ఇంత కిస్తీ, అమ్మాయే తన జీతంలోనుంచి కడుతుంది అని చెప్పుకోవడం మంచిది. వినలేనివారు ఉంటే, ఆ సంగతి ముందే తెలియడం మేలు.

మూడవ మాట: "పెద్దవాళ్లు కట్టారా? మాఫీ వస్తుంది, ఆగండి"

ఈ మాట అన్నవారిని తేలికగా తీసిపారేయకూడదు. వారి బాధలో న్యాయం లేకపోలేదు. 2008లో కేంద్రం రైతు అప్పులు మాఫీ చేసింది. 2014లో మన రాష్ట్రంలోనూ రైతు రుణమాఫీ జరిగింది. 2025 జనవరిలో మన ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టడానికి కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించింది. మరి మా పిల్లవాడి 4 లక్షలేనా దేశానికి బరువు అని ఒక తల్లి అడిగితే, ఆ ప్రశ్నకు కోపంతో జవాబు చెప్పలేం.

కాని నిజాలు కూడా చూడాలి. ఉక్కు కర్మాగారానికి ఇచ్చిన దానిలో 10,300 కోట్లు యజమానిగా ప్రభుత్వం పెట్టిన మూలధనం. చదువు అప్పుల విషయంలో కేంద్రం ఇంతవరకు చేసిన సాయం వడ్డీ వరకే. 2009లో వచ్చిన పథకం కింద, తల్లిదండ్రుల ఆదాయం సంవత్సరానికి 4.5 లక్షలకు మించని విద్యార్థులకు అర్హత ఉన్న కోర్సుల్లో గడువు కాలపు వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. 2014లో పాత అప్పులకు ఇచ్చిన ఊరట కూడా వడ్డీకి సంబంధించినదే. అసలు కట్టవలసిందే. అమెరికాలో 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ విద్యార్థుల అప్పు కొంత రద్దు చేస్తామని ప్రకటిస్తే, 2023 జూన్ 30న అక్కడి సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. ఆశపడి కిస్తీలు ఆపుకున్నవారికి చివరకు మిగిలేది పెరిగిన బకాయి.

"బ్యాంకులు కోట్లు రద్దు చేశాయి" అన్న వార్తలను కూడా జాగ్రత్తగా చదవాలి. బ్యాంకు తన లెక్కల పుస్తకంలోనుంచి బకాయిని తీసివేయడం వేరు, అప్పుదారుకు మాఫీ ఇవ్వడం వేరు. మొదటి దానిలో అప్పు అలాగే ఉంటుంది, వసూలు సాగుతుంది. 2016 మార్చిలో దేశం విడిచి వెళ్లిన విజయ్ మాల్యా విషయమే తీసుకోండి. ఆయన ఆస్తులనుంచి 14,000 కోట్లకు పైగా బ్యాంకులకు తిరిగి చేర్చినట్టు 2024 డిసెంబరులో ఆర్థికమంత్రి లోక్‌సభలో చెప్పారు.

నాలుగవ మాట: "పరువు పోకూడదు, ఎలాగైనా కట్టాలి"

ఈ మాట వినడానికి మంచిదే. కాని కిస్తీ తప్పకూడదని నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చి బ్యాంకుకు కట్టేవారున్నారు. నెలకు నూటికి రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం. 10 శాతం అప్పు తీర్చడానికి 24 శాతం అప్పు చేయడం తీర్చడం కాదు, పెంచడం. తల్లి మెడలోని గొలుసు, ఇంటి బియ్యం, తమ్ముడి స్కూలు ఫీజు ఇవన్నీ పరువు పేరున ఒకదాని వెనుక ఒకటి పోతాయి. అసలు మొహమాటం బ్యాంకు మెట్లెక్కి "ఈ నెల కట్టలేను" అని చెప్పడానికే.

పరిశుద్ధ గ్రంథం ఏమంటుంది?

రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలి కథ ఉంది. భర్త చనిపోయాడు, అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె తన కష్టాన్ని దాచుకోలేదు, ఎలీషా ప్రవక్త దగ్గరకు వెళ్లి చెప్పుకుంది. ఇంట్లో మిగిలిన కాస్త నూనె దేవుని దయవల్ల పాత్రలనిండా అయ్యింది. అప్పుడు ప్రవక్త చెప్పిన వరుస గమనించండి: నూనె అమ్మాలి, అప్పు తీర్చాలి, మిగిలిన దానితో తల్లీబిడ్డలు బ్రతకాలి. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా అప్పు మాయం కాలేదు. ఆ కుటుంబం బ్రతుకు కూడా అప్పులో మునిగిపోలేదు. సత్యోపదేశ గ్రంథం కూడా అప్పు తీర్చడాన్ని ఏడవ ఆజ్ఞ కింద న్యాయంలో భాగంగానే బోధిస్తుంది (2411).

మరి మాఫీ మాట? ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ప్రతి ఏడవ యేట అప్పులు విడిచిపెట్టమని ఆజ్ఞాపించింది. పేదవాణ్ణి తరతరాలు అప్పులో ఉంచడం దేవుని చిత్తం కాదు. కాని అదే అధ్యాయం ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. విడుదల సంవత్సరం దగ్గర పడిందని చూసి, పేద సోదరునికి అప్పు ఇవ్వకుండా మనసు కఠినం చేసుకోవద్దని. మాఫీ వస్తుందన్న మాట వినగానే అప్పు ఇచ్చే చెయ్యి వెనక్కి పోతుందని ఆనాడే తెలుసు. ఈనాడూ అంతే. బకాయిలు పేరుకున్న శాఖలో మేనేజరు తరువాతి దరఖాస్తును అనుమానంతో చూస్తాడు. ఆ దరఖాస్తు మీ వీధిలోని మరొక పేద బిడ్డది కావచ్చు.

కట్టలేకపోతే?

కట్టనివాడు, కట్టలేనివాడు ఒకటి కాదు. 2020 సంవత్సరాన్ని మనం మరచిపోలేం. మే 7 తెల్లవారుజామున మన పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువు లీకై ప్రాణాలు పోయాయి. అదే కాలంలో కోవిడ్ వల్ల పనులు ఆగిపోయాయి. అప్పుడు రిజర్వు బ్యాంకు మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు కిస్తీలకు గడువు ఇచ్చుకోవచ్చని బ్యాంకులకు చెప్పింది. వాటిలో చదువు అప్పులూ ఉన్నాయి. కష్టం నిజమైనప్పుడు వ్యవస్థలో కూడా దారి ఉంటుందన్నమాట.

ఉద్యోగం దొరకకపోయినా, ఉన్నది పోయినా చేయవలసినవి ఇవి. కిస్తీ తప్పకముందే బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి. నిరుద్యోగ కాలానికి మళ్లీ గడువు అడిగే వీలు నమూనా పథకంలోనే ఉంది. కిస్తీ పెద్దదైతే కాలం పెంచమనండి, 15 సంవత్సరాల వరకు వీలుంది. వడ్డీ రాయితీ మీ ఖాతాకు జమ అయిందో లేదో అడగండి. లోక్ అదాలత్ నోటీసు వస్తే పారేయకుండా వెళ్లండి. అక్కడ రాజీ కుదిరితే, అది మీ రుణ చరిత్రలో ఎలా నమోదవుతుందో ముందే తెలుసుకోండి.

ఒక చిన్న లెక్క

నాలుగేళ్ల చదువుకు ఏడాదికి లక్ష చొప్పున 4 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు, ఆపై ఒక సంవత్సరం గడిచేసరికి సాధారణ వడ్డీ 1,40,000 రూపాయలవుతుంది. మొత్తం 5,40,000. దీనిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు. పదిహేనేళ్లలో అయితే సుమారు 5,800.

అదే వడ్డీని ఎప్పటికప్పుడు కడితే? మొదటి సంవత్సరం నెలకు 833 రూపాయలు, రెండవ సంవత్సరం 1,667, మూడవ సంవత్సరం 2,500, ఆ తరువాత 3,333. అప్పుడు అసలు 4 లక్షలే మిగులుతుంది, పదేళ్ల కిస్తీ సుమారు 5,290కి దిగుతుంది. చదువు కాలంలో వడ్డీ కట్టేవారికి ఒక శాతం వరకు తగ్గింపు ఇచ్చే వీలు కూడా నమూనా పథకంలో ఉంది. అది మీ బ్యాంకులో ఉందేమో అడగండి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి ఎనిమిదేళ్ల వరకు ఈ వడ్డీపై మినహాయింపు ఉంది.

ఇంట్లో మాట్లాడుకోండి

ఈ ఆదివారం పూజ తరువాత టీవీ కాసేపు ఆపి, అప్పు పత్రాలు బల్లమీద పెట్టి ఈ ప్రశ్నలు వేసుకోండి. అప్పు తీసుకోబోయేవారు సంతకానికి ముందే వేసుకోవడం మరీ మంచిది.

1. మన అప్పు ఈ రోజుకు ఎంత? వడ్డీ ఎంత? ఇంట్లో అందరికీ తెలుసా?
2. మొదటి జీతం వచ్చిన నెలనుంచి కిస్తీ ఎవరు కడతారు? ఆ మాట బిడ్డే స్వయంగా చెప్పాడా, మనం అనుకున్నామా?
3. అమ్మాయి పెళ్లి మాటల్లో ఈ అప్పు సంగతి ఎప్పుడు, ఎవరు చెబుతారు?
4. ఆరు నెలలు జీతం రాకపోతే మన దారి ఏమిటి? బ్యాంకుకు ఎవరు వెళతారు?
5. మన విచారణలో ఈ భారంతో నలుగుతూ ఎవరికీ చెప్పుకోలేని కుటుంబం ఉందా? బ్యాంకు పని తెలిసిన మనిషి మనలో ఉంటే, వారితో కలిసి ఒక పూట వెళ్లగలడా?

చివరి ప్రశ్నను తేలికగా వదలకండి. బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసినవారు మన విచారణల్లో ఉంటే, ఒక దరఖాస్తు రాసిపెట్టడం, మేనేజరు గదిలోకి తోడు వెళ్లడం వారికి చిన్న పని. అప్పుతో భయపడుతున్న ఇంటికి అది చాలా పెద్ద సాయం.