ఆప్షన్లు అమ్మేవాడికి బీమా ఎవరిస్తారు?

పంటల బీమా కట్టే రైతు సంగతి మనకందరికీ తెలిసిందే. ప్రీమియం కడతాడు. పంట చేతికొస్తే ఆ ప్రీమియం పోయినట్టే, తుపాను కొడితే పరిహారం వస్తుంది. షేర్ మార్కెట్లో పుట్ ఆప్షన్ కొన్నవాడు సరిగ్గా ఈ రైతు లాంటివాడే. దాన్ని అమ్మినవాడు బీమా కంపెనీ. ఇవాళ సెల్‌ఫోను చేతిలో వున్న ప్రతివాడూ నెలనెలా ప్రీమియం వస్తుందని చెప్పి ఒక బీమా కంపెనీ తెరిచేస్తున్నాడు. మన హాస్టళ్ళలోనూ వున్నారు. ఇంటి దగ్గర ధాన్యం అమ్మి పంపిన డబ్బే వాళ్ళ మూలధనం. ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో నష్టపోయారనీ, ఆ నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. సూచీ 20,000 దగ్గర వుంది. నెల రోజుల గడువుతో 19,000 పుట్ అమ్మాం. మార్కెట్ ఊహిస్తున్న వార్షిక ఒడిదుడుకు 15 శాతం. వడ్డీ లేదనుకుని, 1973లో వచ్చిన బ్లాక్-షోల్స్ సూత్రంలో ఈ అంకెలు వేస్తే ధర సుమారు 48 రూపాయలు వస్తుంది. అదే మన ఆదాయం.

ఇప్పుడు సూచీ ఒక్క పాయింటు కూడా కదలకుండా, భయం వల్ల ఒడిదుడుకు మాత్రం 30 శాతానికి పెరిగిందనుకోండి. అదే పుట్ 284 రూపాయలవుతుంది. దాదాపు ఆరు రెట్లు! దీన్నే వేగా ప్రభావం అంటారు. దీనికి తోడు సూచీ కూడా 19,000కి పడితే పుట్ ధర 651. అంటే 48 రూపాయల కోసం కూర్చున్నవాడికి 603 రూపాయల నష్టం. పైగా బ్రోకరు అదనపు మార్జిన్ అడిగేది సరిగ్గా ఆ రోజే.

"అంత పెద్ద పతనం ఎప్పుడోగానీ రాదు గదా" అంటారు మిత్రులు. స్టాటిస్టిక్స్ చదివేవాళ్ళం కాబట్టి అదీ చూద్దాం. ఏడాదికి సుమారు 252 వ్యాపార దినాలు, దాని వర్గమూలం దాదాపు 16. వార్షిక ఒడిదుడుకుని 16తో భాగిస్తే రోజువారీ కదలిక వస్తుంది. 2024 ఎన్నికల ఫలితాల ముందు రోజు మన భయసూచి ఇండియా విఐఎక్స్ సుమారు 21. అంటే రోజుకి 1.3 శాతం. మర్నాడు, జూన్ 4న, నిఫ్టీ 5.93 శాతం పడింది. గంట ఆకారపు వక్రరేఖని నమ్మితే అలాంటి రోజు సుమారు వెయ్యేళ్ళకొకసారి రావాలి. కాని అంతకు నాలుగేళ్ళ ముందే, 2020 మార్చి 23న, ఇదే నిఫ్టీ ఒక్కరోజులో 12.98 శాతం పడిపోయింది! కాబట్టి ఆ వక్రరేఖ క్లాసులో బాగుంటుంది, మార్కెట్లో తోకలు లావు.

మరి రక్షణ ఏమిటి? నిజమైన బీమా కంపెనీ కూడా తన బీమాని ఇంకొకరి దగ్గర చేయించుకుంటుంది. దాన్ని పునర్బీమా అంటారు. మనం చేయవలసిందీ అదే. 19,000 పుట్ అమ్మినప్పుడే 18,000 పుట్ ఒకటి కొనాలి. సూత్రం ప్రకారం దాని ధర 2 రూపాయలే, కాని ఆ ధరకి ఎవడూ ఇవ్వడు. 1987 అక్టోబరు 19న డౌజోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం కూలిన తర్వాత దూరపు పుట్‌లకి మార్కెట్ ఎక్కువ ధర కడుతోంది. 10 రూపాయలనుకుందాం. ఆదాయం 38కి తగ్గింది. కాని పైన చెప్పిన పతనంలో ఈ రక్షణ పుట్ 256 అవుతుంది, నష్టం 603 బదులు 357. ఎంత ఘోరం జరిగినా నష్టం 962 దాటదు. ఆ హద్దు తెలియడం నా దృష్టిలో పది రూపాయలకి చాలా చవక.

ఒకటి బదులు రెండు రక్షణ పుట్‌లు కొంటే? ఆదాయం 28, ఆ పతనంలో నష్టం 111 మాత్రమే. భేషుగ్గా వుంది గదా! ఆగండి. సూచీ హఠాత్తుగా కాక, మెల్లగా జారి గడువు రోజున సరిగ్గా 18,000 దగ్గర ఆగితే రెండు రక్షణలూ సున్నా, నష్టం 972. ఈ పద్ధతి పిడుగుపాటుకి మందు గాని నిదానంగా వచ్చే కరువుకి కాదు.

స్టాప్‌లాస్ వుంది కదా అని ధీమా పడేవాళ్ళకో మాట. ధర మధ్యలో ఆగకుండా దూకితే మీరు పెట్టిన గీత దగ్గర మీకు అమ్మేవాళ్ళు ఎవరూ దొరకరు. పది కంపెనీల పుట్‌లు అమ్మి రిస్కు పంచామనుకోవడమూ అంతే. తుపాను వచ్చిన రోజు పది ఊళ్ళ వరీ ఒకేసారి పడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పరిమాణం. అమెరికాలో విక్టర్ నీడర్‌హాఫర్ పేరున్న ఫండు మేనేజరు, గణాంకాల మనిషి. ఎస్ అండ్ పి పుట్‌లు రక్షణ లేకుండా అమ్మాడు. 1997 అక్టోబరు 27న డౌజోన్స్ 554 పాయింట్లు పడింది. మార్జిన్ కట్టలేక ఫండు తుడిచిపెట్టుకుపోయింది. మర్నాడే డౌ 337 పాయింట్లు లేచింది. ఆయన అంచనా ఎలాంటిదైనా ఆ ఒక్కరోజు గడిపేందుకు చేతిలో డబ్బు లేదు. అందుచేత మార్జిన్‌కి అనుమతించినంతా అమ్మకుండా, ఒడిదుడుకు రెట్టింపై సూచీ 5 శాతం పడితే ఎంత పోతుందో ముందే కాగితం మీద వేసుకుని, ఆ నష్టాన్ని భరించగలిగినంతే అమ్మాలి.

రక్షణ కొనవలసింది మార్కెట్ నిద్రపోతున్నప్పుడు. 2018 ఫిబ్రవరి 5న అమెరికా విఐఎక్స్ ఒక్కరోజులో 17 నుంచి 37కి ఎగిరింది. ఆ సాయంత్రం కొనబోయినవాడు మండుతున్న ఇంటికి బీమా అడిగినట్టే. అలాగే భయం పతాకస్థాయికి చేరినప్పుడు రక్షణ పుట్‌లని అంటిపెట్టుకు కూర్చోకూడదు. ఒడిదుడుకు దిగిపోతే వాటి ధరా కరిగిపోతుంది. అమ్మిన పుట్‌ని ముందు తిరిగి కొనేసి, ఆ తర్వాతే రక్షణని అమ్ముకోవాలి. ఈ వరస తారుమారు చేస్తే మళ్ళీ రక్షణ లేని అమ్మకందారుగా మిగులుతాం.