మంచు గుహకు వెళ్తున్నావా చెల్లీ? ముందు కరకట్ట ఎక్కు

మన బందరు, గుడివాడ, దివిసీమ ఆడవాళ్ళకి యాత్రలు కొత్త కాదు. కాశీ వెళ్ళొస్తాం, తిరుమల మెట్లు ఎక్కుతాం. ఈ మధ్య అక్కాచెల్లెళ్ళు, తోటికోడళ్ళు, భజన బృందం వాళ్ళు జట్లు కట్టి అమర్‌నాథ్‌కి కూడా బయల్దేరుతున్నారు. టూరు వాళ్ళు అడ్వాన్సు కట్టించుకుని ఓ కాగితం చేతిలో పెడతారు. స్వెట్టరు, టార్చిలైటు, మంకీ క్యాపు అని అందులో ఉంటుంది. ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో మాత్రం ఉండదు. ఆ మాటలు మనలో మనమే చెప్పుకోవాలి. కొన్ని మగవాళ్ళ ముందు చెప్పుకునేవి కూడా కావు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చున్నాను, మీరూ కాఫీ కలుపుకుని రండి.

ముందు ఎత్తు సంగతి. మనం పుట్టి పెరిగింది సముద్రం అంచున. బందరైనా, నాగాయలంకైనా, కోడూరైనా సముద్ర మట్టానికి నాలుగైదు మీటర్లకు అటూ ఇటూ. అమర్‌నాథ్ గుహ ఉన్నది 3,888 మీటర్ల ఎత్తున, అంటే 12,700 అడుగులకు పైనే. అక్కడ గాలి పల్చన. ఒక్కో ఊపిరికీ మనకు అందే ప్రాణవాయువు ఇక్కడికంటే నూటికి దాదాపు 40 వంతులు తగ్గిపోతుంది. గుహకున్న రెండు దారుల్లో పహల్గామ్ వైపు నుంచి వెళ్తే గుహ కంటే ఎత్తున్న మహాగుణస్ కనుమ దాటాలి, అది 4,200 మీటర్ల పైమాటే. ఎంత గట్టి మనిషికైనా అక్కడ తల నొప్పి పుట్టొచ్చు, కడుపులో తిప్పొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. పొలం పని చేసే ఒళ్ళు కదా, నాకేం కాదు అనుకోవద్దు. బలానికీ ఈ ఎత్తు జబ్బుకీ సంబంధం లేదు. పాతికేళ్ళ కుర్రాడు పడిపోతాడు, పక్కనున్న అరవై ఏళ్ళ పెద్దావిడ నింపాదిగా నడిచిపోతుంది.

అసలు నేను చెప్పదలచుకున్న మాట ఇది చెల్లీ: అక్కడ ఓర్చుకోవద్దు. మనకు చిన్నప్పటి నుంచి ఓర్పే నేర్పారు. జ్వరంతో వంట చేస్తాం, నడుం నొప్పితో నాట్లు వేస్తాం, పదిమందిలో ఉంటే మన వల్ల ఎవరూ ఆగకూడదని పళ్ళ బిగువున నడుస్తాం. ఇంటి దగ్గర అది సాగింది. కొండ మీద అదే ప్రాణం తీస్తుంది. తలనొప్పి మొదలైనప్పుడే చెప్పి, ఆగి, నీళ్ళు తాగి, తగ్గేదాకా పైకి వెళ్ళకుండా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో నురగ పడినా, మాట తడబడినా, నడకలో తూలినా ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందని అర్థం. అప్పుడు మందు ఒకటే, వెంటనే కిందికి దిగడం. తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. అంత దూరం వచ్చి దర్శనం కాకుండానే దిగాలా అని మనసు పీకుతుంది, నిజమే. జట్టులో పెద్దావిడ ఎవరైనా బయల్దేరే ముందే అందరి చేతా ఒక మాట తీసుకోవాలి. ఒకరికి బాగోలేకపోతే ఇంకొకరు తోడుగా దిగుతారు, దానికి ఎవరూ ఎవరినీ దెప్పరు అని. ఈ ఒప్పందం రైలెక్కక ముందే జరగాలి. కొండ మీద పెట్టుకుంటే ఎవరి తొందర వాళ్ళది.

ఇంకో సంగతి మనలో మనమే చెప్పుకోవాలి. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుంటుందో ఏమో అని మనం నీళ్ళు తాగడం మానేస్తాం. బస్సు ప్రయాణాల్లో ఇది మన అందరి అలవాటే. ఆ ఎత్తున గాలి పొడిగా ఉంటుంది, ఊపిరితోనే ఒంట్లో నీరు పోతుంది. నీళ్ళు మానేస్తే తలనొప్పి, నీరసం రెట్టింపవుతాయి. శిబిరాల దగ్గర మరుగుదొడ్లు ఉంటాయి, బయల్దేరే ప్రతిచోటా వెళ్ళి రండి. దారి మధ్యలో అవసరమైతే ఇద్దరు శాలువా పట్టుకుని నిలబడితే సరిపోతుంది, ఇందులో సిగ్గుపడేదేం లేదు. నెలసరి వెనక్కి జరిపే మాత్రలు మందుల షాపులో అడిగి వేసేసుకోకండి. కొందరిలో అవి రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి. ఎత్తు, చలి, నీళ్ళు తాగకపోవడం తోడైతే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. డాక్టరమ్మతో మాట్లాడాకే ఏదైనా. బీపీ, థైరాయిడ్ మాత్రలు ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని గడ్డకట్టనివ్వకుండా ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి. ఎత్తు జబ్బుకి ముందుగా వేసుకునే డయామాక్స్ అనే మాత్ర ఉంది. అది కూడా మీ జబ్బులన్నీ తెలిసిన డాక్టరు రాస్తేనే. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

సరే, ఒంటిని సిద్ధం చేసుకోవడం ఎలా? అమర్‌నాథ్ యాత్ర నడిపే బోర్డే చెబుతోంది, కనీసం నెల ముందు నుంచి రోజుకు నాలుగైదు కిలోమీటర్లు నడవండి, ప్రాణాయామం చెయ్యండి అని. నన్నడిగితే నెల చాలదు, మూడు నెలలు పెట్టుకోండి. మనకున్న చిక్కల్లా కొండ లేకపోవడమే. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఎటు చూసినా చదునే కదా. అయినా మన చుట్టూ ఉన్నవాటితోనే పని జరుగుతుంది. దివిసీమ వాళ్ళకి కృష్ణ కరకట్ట ఉంది. తెల్లవారుజామున ఎండ రాకముందు కట్ట మీద నడవండి, మధ్యమధ్య ఏటవాలు దిగి మళ్ళీ ఎక్కండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత మన తీరాన ఊరూరా కట్టిన తుఫాను షెల్టర్లు ఉన్నాయి కదా, వాటి మెట్లు ఎక్కి దిగండి. బడి నడిచే చోటైతే మేష్టారిని అడిగి సెలవు రోజున వెళ్ళండి. బందరు వాళ్ళు ఆదివారం మంగినపూడి ఇసుకలో నడవచ్చు. ఇసుకలో పావుగంట నడిస్తే పిక్కలకు ఎంత పని పడుతుందో మీకే తెలుస్తుంది. నెల గడిచాక ఓ రోజు మంగళగిరి వెళ్ళి పానకాలస్వామి కొండ మెట్లు, వీపున సంచితో, ఆగకుండా ఎక్కి చూడండి. మోకాళ్ళు మొదట నొప్పెట్టేది దిగేటప్పుడే, అది మన ఊళ్ళో తెలుసుకోవడం మంచిది.

చదును నేల మీద పుట్టినవాళ్ళకి మంచుకొండలు అందవని భయపడకండి. నిజామాబాదు వైపు గిరిజన కుటుంబంలో పుట్టిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్ల మొదలుపెట్టింది భువనగిరి బండ మీద. తర్వాత డార్జిలింగ్, ఆ పైన లడఖ్ చలి. మెట్టు మెట్టుగా అలవాటు చేశారు కాబట్టే అంతదూరం వెళ్ళింది.

ఇక బట్టలు. చీర వద్దు చెల్లీ. ఇది నా మాట కాదు, యాత్రకు చీర అనుకూలం కాదు, సల్వార్ కమీజో ప్యాంటు చొక్కానో ట్రాక్ సూటో వేసుకోండని బోర్డే రాసింది. అంచు కాళ్ళకు చుట్టుకుంటుంది, గుర్రం ఎక్కినప్పుడు జీనుకు చిక్కుకుంటుంది, తడిస్తే బరువెక్కి వణికిస్తుంది. పుణ్యక్షేత్రానికి డ్రస్సేంటి అని అత్తగారు అంటే ఈ ముక్క చదివి వినిపించండి. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. అందుకని ఒంటికి అంటి ఉండేది త్వరగా ఆరే బట్ట, దాని మీద ఉన్ని, పైన వాన ఆగే జాకెట్టు. ఒక్క మందపాటి స్వెట్టరు కంటే మూడు పల్చటి పొరలు మేలు, ఎండ వస్తే తీయొచ్చు, గాలి వీస్తే వేసుకోవచ్చు. బూట్లు చీలమండ దాకా ఉండి, అడుగున గాళ్ళు లోతుగా ఉండాలి. కొత్త బూట్లతో బయల్దేరితే తొలి మజిలీ చేరేలోపే బొబ్బలు లేస్తాయి. ఇప్పుడే కొని, కరకట్ట నడకకు అవే వేసుకోండి. నల్లద్దాలు సోకు కోసం కాదు, మంచు మీద పడిన ఎండ తిరిగి కళ్ళల్లోకే కొడుతుంది. పెదాలకు రాసుకునేది, గొడుగు లేకపోయినా రెయిన్ కోటు, రెండో జత మేజోళ్ళు మరవద్దు. ఇంకోటి, మన ఊరి ప్రీపెయిడ్ సిమ్ము జమ్మూ కశ్మీరులో పనిచేయదు. జట్టులో ఇద్దరికైనా పోస్టుపెయిడ్ ఉండాలి. జేబులో పేరు, తోడున్నవాళ్ళ నంబరు, వాడే మందులు రాసిన చీటీ ఉండాలి.

తిండి గురించి మన కృష్ణా జిల్లా వాళ్ళకి కష్టమైన మాట ఒకటి. దారి పొడవునా ఉచితంగా అన్నం పెట్టే లంగర్లలో పచ్చళ్ళు, చట్నీలు, వేయించిన అప్పడాలు, పూరీలు, దోసెలు వడ్డించకూడదని బోర్డు నిషేధం పెట్టింది. పైన అరుగుదల మందగిస్తుంది, నూనె, ఉప్పు, కారం దాహం పెంచుతాయి. ఆవకాయ లేనిదే ముద్ద దిగదనే మన మాట ఆ నాలుగు రోజులు పక్కన పెడదాం. వేరుశనగ ఉండలు, ఖర్జూరం, వేయించిన శనగలు జేబులో ఉంచుకుని గంటగంటకీ కొంచెం నోట్లో వేసుకోండి.

దారులు రెండు. బాల్తాల్ నుంచి 14 కిలోమీటర్లు, నిటారు, ఒక్కరోజులో వెళ్ళి వచ్చేవాళ్ళు ఎక్కువ. పహల్గామ్ వైపు చందన్‌వాడి నుంచి 32 కిలోమీటర్లు, శేష్‌నాగ్, పంచతరణి మజిలీలతో రెండు మూడు రోజులు. టూరు వాళ్ళు ఖర్చు, రోజులు తగ్గుతాయని బాల్తాల్ అంటారు. సముద్రం ఒడ్డు నుంచి వెళ్ళే మనకి నేను పహల్గామే చెబుతాను. ముందు పహల్గామ్‌లో రెండు రాత్రులు ఊరికే ఉండి, ఒంటికి ఆ గాలి అలవాటు చేసుకుని ఎక్కండి. ఆ రెండు రోజుల గది అద్దె దండగ అనే మనిషి జట్టులో ఒకరుంటారు, వినకండి.

మంచు మీద నడక పొలం గట్టు మీద నడకే. వానాకాలంలో జారే గట్టు మీద మనం ఎలా నడుస్తాం? చిన్న అడుగు, పాదం మొత్తం ఆనించి, బరువు ముందుకు వేసుకుని, ముందు నడిచినవాళ్ళ అడుగులోనే అడుగు. అక్కడా అంతే. కాకపోతే మంచు కింద ఏరు పారుతూ ఉంటుంది. పైన గట్టిగా తెల్లగా కనిపించే చోట లోపల కరిగి డొల్లగా ఉండొచ్చు. అందుకే ఫొటో కోసం దారి తప్పి నాలుగడుగులు పక్కకు వెయ్యొద్దు. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ లేదో అక్కడి గుర్రాల వాళ్ళకి, కూలీలకి తెలుసు. గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళనే పెట్టుకోండి, వాళ్ళ కంటే ముందు పరుగెత్తకండి, సంచి వాళ్ళ దగ్గర ఉంటే వాళ్ళను కనుచూపు దాటనివ్వకండి. ‘రుకో’, ‘సాంస్ నహీ ఆ రహీ హై’ అనే రెండు ముక్కలు హిందీ రానివాళ్ళు కూడా నేర్చుకోండి. ఆగు, ఊపిరాడటం లేదు అని.

గుహలోని మంచు శివలింగం ఎలా ఏర్పడుతుందో పిల్లలు అడుగుతారు. గుహ కప్పు పగుళ్ళలోంచి కారే నీటి చుక్కలు కింద చలికి గడ్డకట్టి పైకి పెరుగుతాయి. వేసవి ముదిరేకొద్దీ అదే కరుగుతుంది. 2024లో యాత్ర జూన్ 29న మొదలైతే, జులై మొదటి వారం గడిచేసరికి లింగం కరిగిపోయింది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు గుహ చూసి దణ్ణం పెట్టుకుని వచ్చారు. నిండుగా చూడాలని గట్టి కోరిక ఉంటే మొదటి రోజుల్లోనే పేరు రాయించుకోండి. నమోదు మామూలుగా ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. అయినా కరిగి ఉండొచ్చని మనసుకు ముందే చెప్పుకుని వెళ్ళండి.

వాతావరణం సంగతి దాచను. 1996 ఆగస్టులో మంచు తుఫానులో చిక్కుకుని రెండొందల మందికి పైగా యాత్రికులు చనిపోయారు. ఇప్పుడున్న వయసు హద్దులు, ఆరోగ్య పరీక్షలు, రోజుకు ఇంతమందే అనే లెక్కలు ఆ విషాదం నేర్పిన పాఠాల నుంచి వచ్చినవే. 2022 జులై 8 సాయంత్రం గుహ దగ్గరే మెరుపు వరద వచ్చి గుడారాలను ఊడ్చుకుపోయింది, కనీసం 15 మంది పోయారు. ఉప్పెన చూసిన సీమ మనది, నీళ్ళు ఎంత హఠాత్తుగా వస్తాయో మనకొకరు చెప్పక్కర్లేదు. వాగు పక్కన గుడారం వేస్తామంటే వద్దనండి. యాత్ర ఆపామని అధికారులు ప్రకటిస్తే వాదించకుండా ఉన్నచోటే ఉండండి.

చివరగా డాక్టరు సర్టిఫికెట్. 13 ఏళ్ళలోపు పిల్లలకి, 70 దాటినవాళ్ళకి, ఆరు వారాలు దాటిన గర్భిణులకి అనుమతి లేదు. మిగతా అందరికీ బోర్డు ప్రకటించిన డాక్టర్లు ఇచ్చిన ఆరోగ్య పత్రం ఉండాలి. తెలిసిన కాంపౌండరు చేత సంతకం పెట్టించుకోవడం, గుండెకి స్టెంటు వేయించుకున్న సంగతి దాచడం మన ప్రాణంతో మనమే ఆడుకోవడం. డాక్టరు వద్దంటే ఏడుపొస్తుంది, రానీ. కానీ మంచు చూసే దారి అంతటితో మూసుకుపోదు. బాల్తాల్‌కి కొంచెం ఇవతలే సోనామార్గ్ ఉంది, 2,700 మీటర్ల పైచిలుకు ఎత్తు. 2025 జనవరిలో అక్కడికి సొరంగం తెరిచారు, రోడ్డు మీద కారులోనే వెళ్ళొచ్చు. ఊరి నుంచే థాజివాస్ హిమానీనదం కనిపిస్తుంది. గుర్రం మీద దాని దగ్గరిదాకా తీసుకెళ్తారు కూడా. అది కూడా తక్కువ ఎత్తేం కాదు, డాక్టరును అడిగే వెళ్ళాలి. జట్టంతా గుహకి వెళ్ళొచ్చేదాకా మీ అమ్మనో పిన్నినో శ్రీనగర్ హోటలు గదిలో ఒంటరిగా కూర్చోబెట్టకుండా, ఒకరు తోడుండి సోనామార్గ్ చూపించి తీసుకురండి. ఆ ఖర్చు కూడా టూరు వాళ్ళతో ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోండి.