చిగురించని చిగురు

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. ఆ నోటికి మాటలో స్పష్టతను, నవ్వులో కాంతిని ఇచ్చేవి దంతాలు. దంతాలను అంటిపెట్టుకొని కాపాడేవి చిగుళ్ళు. తెలుగులో ‘చిగురు’ అనే పదానికి రెండర్థాలున్నాయి. కొమ్మకు వచ్చే లేత ఆకు ఒకటి, పంటిని చుట్టి ఉండే మెత్తని కండ మరొకటి. లేతదనం రెండింటికీ సమానమే. కాని శిశిరంలో ఆకు రాల్చిన చెట్టు వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. పంటి నుండి తొలగిన చిగురు తనంతట తాను తిరిగి రాదు. ఈ భేదాన్ని యౌవనంలోనే గ్రహించడం అవసరం.

పంటిలో పైకి కనిపించే భాగాన్ని పింగాణీ పొర కప్పి ఉంచుతుంది. శరీరంలో అంతకంటె గట్టి పదార్థం లేదు. చిగురు మాటున ఉన్న వేరుకు ఆ కవచం లేదు. చిగురు వెనుకకు తగ్గినప్పుడు వేరు బయటపడుతుంది. చల్లని నీరు తగిలినా పన్ను జివ్వుమంటుంది. పన్ను మునుపటికంటె పొడవుగా కనిపిస్తుంది. వేరు పుచ్చిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

ఈ స్థితికి మొదటి కారణం అశ్రద్ధ. పళ్ళపై పేరుకొనే మెత్తని పాచిలో సూక్ష్మజీవులుంటాయి. పాచిని తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి అది గారగా గట్టిపడుతుంది. అప్పుడు చిగుళ్ళు వాచి, పళ్ళు తోముకొనేటప్పుడు నెత్తురు కనిపిస్తుంది. ఈ దశలో మేల్కొంటే వ్యాధి పూర్తిగా నయమవుతుంది. ఉపేక్షిస్తే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగి, చివరకు పన్ను కదులుతుంది. పొగాకు, అదుపులో లేని మధుమేహం ఈ వ్యాధికి తోడ్పడతాయి. పొగ త్రాగేవారిలో నెత్తురు తక్కువగా కనిపించడం వల్ల వ్యాధి బయటపడక దాగి ఉంటుంది.

రెండవ కారణం దీనికి పూర్తిగా విరుద్ధమైనది. అది అతిశ్రద్ధ. తెల్లదనంపై మక్కువతో గట్టి కుంచెతో బలంగా రుద్దేవారికి, ఇటుక పొడితోనో బొగ్గు పొడితోనో తోముకొనేవారికి చిగుళ్ళు అరిగిపోతాయి.

ఈ విషయాన్ని మన పూర్వులు ఎరుగుదురు. సుశ్రుత సంహిత ముఖరోగాలను 65గా లెక్కించి, వాటిలో 15 దంతమూలాలకు, అనగా చిగుళ్ళకు, సంబంధించినవని చెప్పింది. దంతధావనాన్ని వివరిస్తూ, మృదువైన కుంచెతో, చిగుళ్ళకు బాధ కలగకుండా, ఒక్కొక్క పంటినే శుభ్రం చేసుకోవాలని విధించింది. నేటి దంతవైద్యులు చెప్పే మాటా ఇదే.

మెత్తని బ్రష్షును చిగురు అంచు వద్ద ఏటవాలుగా ఉంచి, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు సున్నితంగా తోముకోవాలి. ఫ్లోరైడు గల పేస్టు మేలైనది. కుంచెలు విచ్చుకుపోయిన బ్రష్షును మార్చాలి. గారను బ్రష్షు తొలగించలేదు. దానిని దంతవైద్యుడే తీయాలి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనే మాట అపోహ. గార ఆక్రమించిన చోటు ఖాళీ అయినప్పుడు సందులు కనిపించి, కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమనవచ్చు. అది చికిత్స చేసిన కీడు కాదు, అంతకుముందే జరిగిన నష్టం బయటపడడం. చిగురు ఎక్కువగా తగ్గినప్పుడు అంగిలి నుండి కొంత కణజాలాన్ని తీసి అతికే శస్త్రచికిత్స కూడా ఉంది. అయితే అది అందరికీ అవసరం కాదు.

చిగురు నుండి వచ్చే నెత్తురు శరీరం మనకు పంపే మొదటి హెచ్చరిక. నెత్తురు చూసి భయపడి తోమడం మానడం తప్పు. మరింత గట్టిగా రుద్దడమూ తప్పే. అశ్రద్ధకూ అతిశ్రద్ధకూ నడుమనున్న మితమే చిగుళ్ళకు రక్ష.

ప్రశ్నలు
1. ‘చిగురు’ అనే పదానికి గల రెండర్థాల మధ్య సామ్యభేదాలను వివరించండి.
2. చిగుళ్ళు తగ్గడానికి గల కారణాలను, నివారణ మార్గాలను తెలపండి.