కౌంటరు ఇవతల మనిషి

బ్యాంకు కౌంటరు వెనక ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకి మనుషుల్ని గమనించడం ఎవరూ నేర్పక్కర్లేదు. విత్‌డ్రాయల్ ఫారం అందించే తీరు చూసే ఆ డబ్బు పెళ్లికో ఆస్పత్రికో పోల్చుకునేదాన్ని. నా ఒంట్లో, నా నోట్లో ఏం జరుగుతోందో చూసుకోవడం మాత్రం పనిగట్టుకుని నేర్చుకోవాల్సి వచ్చింది. కౌంటరు అవతల మనిషి కనిపించినంత తేలిగ్గా ఇవతల మనిషి కనపడదు. మా అపార్ట్‌మెంట్లో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు, "ఆంటీ, మనల్ని మనం గమనించుకోవాలంటారు కదా, అసలు ఏం చెయ్యాలి?" అని. నాకూ, నాతో పనిచేసినవాళ్లకీ పనికొచ్చినవి రాస్తున్నాను. మీకు ఏది అవసరమో అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

1. కోపం నోటికి రాకముందే ఒంటికి వస్తుంది.

ఒకటో తారీఖున పింఛనుదారులు బ్రాంచి తెరవకముందే గేటు దగ్గర వరుస కట్టేవారు. మధ్యాహ్నమయ్యేసరికి ఫ్యాను గాలి కౌంటరు దాకా వచ్చేది కాదు. పాస్‌బుక్కు మర్చిపోయినాయన ఒకరు, సంతకం కలవనాయన ఒకరు, "నిన్న వస్తే ఇవాళ రమ్మన్నారు కదమ్మా" అనే పెద్దామె ఒకరు. ఈ విసుగు ఎక్కడ పుడుతోందో చూద్దామని ఒకసారి పట్టుబట్టి కూర్చున్నాను. ముందు ఎడమ భుజం పైకి లేచింది. తర్వాత పళ్లు బిగిశాయి. ఆ తర్వాత మాటలు తరిగిపోయాయి: "ఇక్కడ సంతకం పెట్టండి" అనేది కాస్తా "ఇక్కడ, ఇక్కడ" అయింది. గొంతు పెరగడం అన్నిటికంటే ఆఖరున. భుజం లేవడానికీ గొంతు లేవడానికీ మధ్య ఇద్దరు ముగ్గురు మనుషులు డబ్బు తీసుకుని వెళ్లిపోయేంత వ్యవధి ఉంది. అంత వ్యవధిలో భుజం దించుకోవచ్చు, రెండు గుక్కలు మంచినీళ్లు తాగొచ్చు, ఎదురుగా ఉన్న పెద్దాయన్ని పేరు పెట్టి పలకరించొచ్చు. గొంతు లేచాక మిగిలేది క్షమాపణ ఒక్కటే.

అందరికీ భుజమే కానక్కర్లేదు. కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి కడుపులో తిప్పుతుంది. నా పక్క సీటాయన పెన్ను మూత టకటకలాడించేవారు. ఎవరి గుర్తు వాళ్లు పట్టుకోవాలి. ఎన్నాళ్లు పట్టినా సరే, ముందు అది పట్టుకోండి.

2. తీర్పు రాయకండి, జరిగింది రాయండి.

నోటుబుక్కు పెట్టుకోమంటే చాలామంది మొదటి రాత్రి ఇలా రాస్తారు: "ఇవాళ అందరి మీదా విసుక్కున్నాను. నేను మారాలి. రేపటి నుంచి సహనంగా ఉంటాను." ఇందులో రేపటికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. నా పుస్తకంలోని ఒక పేజీ చూడండి: "సాయంత్రం ఆరున్నర. మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. కోడలు ఫోన్లో మాట్లాడుతోంది. రెండుసార్లు పిలిచాను, పలకలేదు. గిన్నె గట్టు మీద చప్పుడయ్యేలా పెట్టాను. తను వెనక్కి తిరిగి చూసింది. ఇద్దరం ఏమీ అనలేదు."

నేను మంచిదాన్నో చెడ్డదాన్నో ఇందులో లేదు. వేళ ఉంది, ఖాళీ కడుపు ఉంది, గిన్నె చప్పుడు ఉంది. ఇలాంటి పేజీలు కొన్ని పోగయ్యాక ఆకలీ, సాయంత్రమూ, పలకకపోవడమూ కలిసే చోటు దానంతటదే బయటపడింది. ఆరు గంటలకి రెండు బిస్కెట్లు తినడం మొదలుపెట్టాను. సాయంకాలం కాషు తేడా వస్తే క్యాషియరు "నేను పనికిరానివాణ్ని" అని రాసుకోడు, ఏ కట్టలో తేడా వచ్చిందో వెతుకుతాడు. మన రోజు సంగతీ అంతే.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, 1929లో తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పడిన సంస్థనే రద్దు చేసిన మనిషి, బతికినంత కాలం చెప్పిందాంట్లో ముఖ్యమైనది ఇదే: మంచీ చెడూ అని పేరు పెట్టకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమని. చదివినప్పుడు అందని మాటలా ఉంటుంది. గిన్నె చప్పుడు దాకా దించుకుంటే ఆయన ఎంత కష్టమైన పని అప్పజెప్పారో తెలుస్తుంది. తనని తాను తిట్టుకోవడం చాలా సులువు. తిట్టుకోవడం మొదలైన క్షణంలో చూడటం ఆగిపోతుంది.

3. "నేనెందుకిలా?" అని అడిగే ముందు "ఎప్పుడు? ఎవరి ఎదుట?" అని అడగండి.

ఎందుకని అడిగితే మనసు వెంటనే ఒక కథ అల్లేస్తుంది. చిన్నప్పటి నుంచి ఎత్తుకుంటుంది. ఆ కథ నిజమే కావచ్చు, కానీ రేపు పొద్దున్న దాంతో ఏం చేస్తాం? మా బ్రాంచిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి తనకి ధైర్యం తక్కువని గట్టిగా నమ్మేది. ఎప్పుడెప్పుడు భయం వేసిందో రాసుకోమన్నాను. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చి ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చినప్పుడే భయమని తేలింది. ధైర్యం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు గానీ, చెప్పాల్సిన నాలుగు ముక్కలు ముందే కాగితం మీద పెట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ అమ్మాయి అదే చేసింది.

4. కదలకుండా కూర్చోవడం ఒక్కసారైనా చూడాలి.

హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త అని విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. పది రోజుల శిబిరం. ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ పక్కన పెట్టాలి, మాట్లాడకూడదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. మొదటి మూడు రోజులూ ఊపిరి వచ్చిపోవడం చూడటమే పని, దాన్ని ఆనాపాన అంటారు. నాలుగో రోజు నుంచి తల మొదలు పాదాల దాకా ఒంట్లో తెలిసేవాటిని, నొప్పయినా దురదయినా, ఊరికే గమనించడం. తిండికీ బసకీ రుసుము లేదు. ముందు చేసి వెళ్లినవాళ్ల విరాళాలతో నడుస్తుంది.

ఈ పద్ధతిని 1969లో మన దేశానికి తెచ్చిన సత్యనారాయణ గోయెంకా బర్మాలో పుట్టిన వ్యాపారి. 1955లో, ఏ మందుకీ లొంగని మైగ్రేన్ తలనొప్పితో రంగూన్‌లో ధ్యానం నేర్పే సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్లారు. తలనొప్పి తగ్గించుకోవడానికే అయితే చేర్చుకోనని ఆయన మొదట తిప్పి పంపేశారు. ఆ ఊ బా ఖిన్ సన్యాసి కారు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన గృహస్థు. తన ఆఫీసు సిబ్బందికి ఆఫీసులోనే ధ్యానం నేర్పారు. లెడ్జర్ల మధ్య బతికినదాన్ని కాబట్టి ఈ సంగతి తెలిశాక నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఆ శిబిరంలో గంటసేపు కాలు కదపకుండా కూర్చుంటే మోకాలి నొప్పి ఒకే ముద్దగా ఉండదని తెలిసింది. సూదిలా మొదలై, మంటగా మారి, కాసేపు ఎటో పోయి, పిక్కలో మళ్లీ తేలుతుంది. కాలు చాపుకోవాలన్న తహతహ కూడా అంతే, పెరిగి పెరిగి, మనం ఏమీ చేయకుండానే సద్దుమణుగుతుంది. కోపాన్నీ ఇలా చూడొచ్చని ఎవరైనా చెబితే తలూపి ఊరుకునేదాన్ని, మోకాలు చెప్పాక నమ్మాను. పది రోజులు కుదరనివాళ్లకి ఇంట్లో పావుగంటైనా మేలే.

5. ఆ పావుగంట ఫోను వేరే గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకుంటే చాలదు.

6. గమనిస్తున్నామా, కుమిలిపోతున్నామా అన్నది తేల్చుకోవాలి.

ఈ రెండూ పైకి ఒక్కలాగే ఉంటాయి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా దీని మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. బాధనే తిప్పి తిప్పి తలుచుకునేవాళ్లలో దిగులు మరింత ముదురుతుందనీ, ఎక్కువ కాలం ఉంటుందనీ చూపించారు. నేను పెట్టుకున్న గుర్తు ఇది: నిన్న రాసిన వాక్యమే ఇవాళా వస్తే, మొన్న కూడా అదే ఉంటే, పుస్తకం మూసి వంటింట్లోకో వీధిలోకో వెళ్లిపోతాను. రాయడానికి హద్దు కూడా ఉండాలి. 1986లో అచ్చయిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ ప్రయోగంలో విద్యార్థులు తమ మనసుకి తగిలిన గాయాల గురించి రోజుకి 15 నిమిషాల చొప్పున వరుసగా 4 రోజులు మాత్రమే రాశారు. జరిగినదీ, అప్పుడు మనసుకి అనిపించినదీ రెండూ కలిపి రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్లు కాలేజీ వైద్యశాలకి వెళ్లడం తగ్గింది. అందుకే రాసిన రాత్రి నిద్ర సరిగా పట్టకపోతే కంగారు పడకండి.

7. ఇంట్లోవాళ్లని అడగండి.

ఎంత చూసుకున్నా మన వీపు మనకి కనపడదు. నేను మా కోడల్ని అడిగాను, "నా మాటల్లో నీకు కష్టంగా ఉండేదేమిటో చెప్పమ్మా" అని. "మీరు అరిస్తే నాకేం కాదత్తయ్యా, 'సరేలే' అంటారే, ఆ రోజంతా నాకు పని సాగదు" అంది. 'సరేలే' నా పుస్తకంలో ఎక్కడా లేదు. ఇలా అడిగేటప్పుడు ఒక నియమం పెట్టుకోవాలి: చెప్పినదానికి ఆ రోజు సంజాయిషీ ఇవ్వకూడదు. ఇస్తే మళ్లీ ఎవరూ చెప్పరు.

8. తేలిగ్గా ఉన్న పూట కూడా రాయండి. ఎవరితో ఉన్నారు, ఎంత నిద్రపోయారు, ఏం చేస్తున్నారు. మనం తప్పుల కోసమే వెతుకుతాం కాబట్టి ఈ పేజీలు ఖాళీగా ఉండిపోతాయి. నాకైతే ఎక్కువ దారి చూపించినవి ఇవే.

9. కొన్ని బాధలకి గమనింపు మందు కాదు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలని లేదన్న మాట వచ్చినా, ధ్యానం చెయ్యమని సలహా ఇవ్వకండి. అలాంటప్పుడు ఒంటరిగా, మౌనంగా కూర్చోబెట్టడం బాధని పెంచవచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలి-మానస్ హెల్ప్‌లైను 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు రాసిచ్చి వెళ్లిపోకండి. పక్కన కూర్చుని, మీరే కలిపి, ఫోను వాళ్ల చేతికివ్వండి.