కోకో తోటలో మందుకు పరీక్ష

చాక్లెట్‌కు గింజలిచ్చేది కోకో చెట్టు. ఘనా దేశంలో దానికి పెద్ద శత్రువు మిరిడ్ అనే పురుగు. లేత కొమ్మలను, కాయలను కుట్టి రసం పీలుస్తుంది. ఆ గాయంలోంచి తెగులు సోకి కొమ్మ ఎండిపోతుంది.

అక్కడి టాఫోలోని కోకో పరిశోధన సంస్థ కొత్త మందును ముందు ప్రయోగశాలలో, తర్వాత తోటలో పరీక్షిస్తుంది. కొన్ని చెట్లకు మందు కొట్టి, కొన్నిటిని కొట్టకుండా వదిలి, చేతికందే ఎత్తు వరకు పురుగులను లెక్కపెడతారు. వదిలేసిన చెట్లు లేకపోతే వానకు తగ్గిన పురుగు కూడా మందు ఖాతాలోకే పోతుంది! పురుగు చస్తే చాలదు. గింజలో మందు ఎంత మిగిలింది, రుచి మారిందా అన్నదీ చూడాలి.

పరీక్ష ఒక్కసారితో అయిపోదు. 1950లలో అక్కడ లిండేన్ వాడారు. 1960ల మొదట్లోనే కొన్ని చోట్ల పురుగు దానికి లొంగలేదు. మనిషికి జరిగే హాని తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2009లో స్టాక్‌హోం ఒప్పందం దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది. అది క్యాన్సర్ కారకమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం నిర్ధారించింది.

మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేసే కోకోను కుట్టే టీ దోమ కూడా మిరిడ్ కుటుంబానిదే. డబ్బా మీది మోతాదు పరీక్షల్లో తేలిన లెక్క. "కాస్త ఎక్కువ పోస్తే బాగా పనిచేస్తుంది" అంటారు. ఆ ఎక్కువకు ఏ పరీక్షా పూచీ పడదు. మందు కొట్టాక వాంతులు, చూపు మసకబారడం, చొంగ కారడం కనిపిస్తే బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మందు డబ్బా మరవకండి. పేరు తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.